సింగ్ నగర్ వెళ్తున్న మేనకోడలికి

తెనాలి,
9 సెప్టెంబరు 2024

చిన్నీ,

ప్రభువు నామంలో వందనాలు. నిన్న ఆరాధన అయ్యాక మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు శనివారం క్యాంపస్ చర్చి యూత్‌ని వెంటేసుకుని విజయవాడలో వరదకి మునిగిన సింగ్ నగర్ వెళ్తుందట. నా మాట వినదు, నువ్వైనా వద్దని చెప్పు అన్నయ్యా" అంది. సరే చెప్తానన్నాను. వద్దని రాయడానికే కూర్చుని రెండు లైన్లు రాసి చించేశాను. రాత్రంతా టెన్షనే. పొద్దున లేచి మాత్రం యూత్ సెక్రటరీ మా చిన్నీయే అని మీ అత్తయ్యకి మూడుసార్లు చెప్పానట. నాలుగోసారి ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మామూలు సంగతులు ముందు. ఊరిని ముంచిన బుడమేరు వాగు గండ్లు మొన్న శనివారమే పూడ్చారు కాబట్టి మీరు వెళ్లేసరికి నీళ్లు చాలావరకు తీసి, బురద మిగులుతుంది. పులిహోర పొట్లాలు వద్దు, ఇప్పటికే అందరూ అవే ఇస్తున్నారు. చీపుళ్లు, పారలు, బ్లీచింగ్ పౌడరు, ఫినాయిలు, దోమల చక్రాలు, శానిటరీ ప్యాడ్లు తీసుకెళ్లండి. పాత బట్టలు ఎవరైనా మూట కట్టి చర్చి దగ్గర పడేస్తే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చెయ్యి. కానుకల డబ్బు ఇద్దరు కూర్చుని లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. బ్యానరు వద్దు. పొట్లంలో కరపత్రం పెడదామని ఎవరో ఒకరు అంటారు, అదీ వద్దు. ఆకలితో ఉన్నవాడి చేతిలో కాగితం పెడితే ఏమనుకుంటాడో నువ్వే ఆలోచించు.

ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. నేను చెప్పాల్సింది ఎవరెవరికి ఇవ్వాలో రాసుకునే లిస్టు సంగతి.

1977 నవంబరు 19 తుఫాను అంటే అందరూ దివిసీమ అంటారు. నిజమే, అక్కడ పోయిన ప్రాణాలకి లెక్కే లేదు. కానీ కృష్ణకి ఇవతల మన గుంటూరు జిల్లా ఒడ్డు కూడా కొట్టుకుపోయింది. నేనప్పుడు గుంటూరులో డిగ్రీ రెండో ఏడాది, హాస్టల్లో ఉండేవాణ్ణి. చర్చిలో చందాలు పట్టి నూట ఇరవై దుప్పట్లు కొన్నాం. పదో రోజున ఒక లారీలో రేపల్లె దాటి నిజాంపట్నం వైపు బయల్దేరాం. దారి పొడుగునా తాడిచెట్లు పడి ఉన్నాయి. వాసన గురించి రాయను.

మన సంఘం ఉన్న ఒక పల్లెకి చేరాం. అక్కడి ఉపదేశిగారు, అంటే పల్లెలో ఆరాధన నడిపే ఆయన, సంఘం పుస్తకం చూసి మాకు ముందే పేర్లు రాయించి పంపారు, ఇంటికో దుప్పటి. చేతిరాత బాగుంటుందని ఆ పుస్తకం నాకు అప్పగించారు. లారీ వెనక డోరు మీద నిలబడి ఒక్కో పేరే పిలుస్తున్నాను. మూడో పేరుకి ఎవరూ పలకలేదు. వినపడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ పిలిచాను. ఉపదేశిగారు కింద నుంచి నా కాలి మడమ పట్టుకుని, "తర్వాతది చదువు బాబూ" అన్నారు.

ఆ పుస్తకం తుఫానుకి ముందు రాసింది. నాకు అప్పటిదాకా తట్టలేదు. అయినా పిలవడం ఆపలేదు, అలా పద్దెనిమిది పేర్లు పలకలేదు.

చివర్లో ఒకావిడ వచ్చింది. ఒంటి మీద గోనెపట్టా కప్పుకుంది. పక్కనున్న పల్లెకారుల పేట ఆమెట, చేపలు పట్టేవాళ్లు. "పుస్తకంలో నీ పేరు లేదమ్మా" అన్నాను. నా కాళ్ల దగ్గర పద్దెనిమిది దుప్పట్లు ఉన్నాయి. ఆమె వాటిని చూస్తూనే ఉంది. నేను చెడ్డవాణ్ణి కాదు చిన్నీ. గుంటూరు వెళ్లాక పాస్టరు అయ్యగారికి లెక్క అప్పజెప్పాలి, లెక్క తప్పితే తినేశాడంటారని భయం. ఆమె గొడవ పెట్టుకోలేదు. "పోనీలే బాబూ, అగ్గిపెట్టుంటే ఇయ్యి. బియ్యం ఎవరో ఇచ్చి పోయారు గానీ పొయ్యి రాజేసే దారి లేదు" అంది. లారీ అంతా వెతికాం. ఎనిమిది మంది కుర్రాళ్లం, ఒక్కరి దగ్గరా అగ్గిపెట్టె లేదు. డ్రైవరు దిగొచ్చి తన బీడీల అగ్గిపెట్టె ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఊపి చప్పుడు విని, గోనెపట్టా లోపలికి పెట్టుకుని వెళ్లిపోయింది.

పద్దెనిమిది దుప్పట్లూ తిరిగి గుంటూరు తెచ్చాను. ఆదివారం గుళ్లో లెక్క చదివితే పైసాతో సహా సరిపోయిందని మెచ్చుకున్నారు. ఆ డిసెంబరు చలికి వాటిలో ఒకటి హాస్టల్లో నేనే కప్పుకున్నాను. ఇది మీ అమ్మకి కూడా తెలియదు.

అందుకే అడుగుతున్నాను, నీ దగ్గరున్న లిస్టు ఎవరిచ్చారు? అక్కడి మన సంఘంవాళ్లు ఇచ్చిందే అయితే ఆ వీధిలో మిగతా ఇళ్లవాళ్లు ఎవరు? ఒకరిద్దర్ని శుక్రవారమే పంపించి ఒక్క వీధి మొత్తం నడిచి రమ్మను. తలుపు తలుపుకీ వెళ్లి ఏం కావాలో అడగమను, లిస్టు అప్పుడు రాసుకోండి. అద్దెకున్నవాళ్లని మర్చిపోవద్దు. ఇల్లుగలాయన మేడ మీద ఉండి మాట్లాడతాడు, కింద పోర్షన్‌లో మునిగినవాళ్లు మీకు కనపడరు. నష్టం రాసుకోవడానికి ఆఫీసువాళ్లు వచ్చినప్పుడు కూడా అద్దె ఇళ్లవాళ్లు జారిపోతారు. తడిసిన ఆధార్, రేషన్ కార్డులు ఆరబెట్టి, దరఖాస్తు రాసిపెట్టడానికి మీలో ఇద్దరు కూర్చుంటే చీపుళ్లకంటే ఎక్కువ పని చేసినట్టు. పది శాతం సామాను ఏ పేరూ రాయకుండా విడిగా ఉంచు. లెక్కలో "అడిగినవాళ్లకి" అని ఒక గీత గీసి రాసెయ్యి. ఎవరైనా ప్రశ్నిస్తే మామయ్య చెప్పాడను.

ఇప్పుడు నా భయం. నీళ్లు మోకాలు దాటి ఉన్నచోట దిగొద్దు. మెయిన్ ఆపేశారని ఇంటివాళ్లు చెప్పినా స్విచ్చిబోర్డు ముట్టుకోవద్దు, వాళ్లనీ ముట్టుకోనివ్వద్దు. తడి గోడకి చెయ్యి ఆనించకు. మ్యాన్‌హోలు మూతలు కొట్టుకుపోయి ఉంటాయి, కర్రతో పొడుచుకుంటూ నడవండి. గమ్ బూట్లు లేనివాళ్లు వ్యాను దగ్గరే సామాను అందించాలి. ఇందులో పెద్ద అవమానమేమీ లేదు. కాలికి చిన్న దెబ్బున్నా బురదలో దిగకూడదు. తిరిగొచ్చిన వారంలో ఎవరికైనా జ్వరం వస్తే వరద నీళ్లలో తిరిగామని డాక్టరుకి ముందే చెప్పాలి. చీకటి పడేలోపు వ్యాను వారధి దాటి గుంటూరు రోడ్డెక్కాలి. ఐదింటికి అని రాసుకో. ఆరు అంటావు, నాకు తెలుసు. ఐదింటికే.

పదేళ్ల వయసులో నువ్వు క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం వేసి, కర్ర మర్చిపోయానని స్టేజీ వెనక ఏడ్చావు గుర్తుందా? మా ఇంటి గొడుగు పట్టుకెళ్లి ఇచ్చాను. గొడుగుతోనే బేత్లెహేము నడిచావు. నాకు ఇప్పటికీ ఆ పిల్లే కళ్ల ముందు కనపడుతుంది, నేనేం చెయ్యను.

మా ఇంట్లో రెండు పారలు, ఒక గడ్డపార ఉన్నాయి. అగ్గిపెట్టెలు రెండు బండిళ్లు కొన్నాను. నవ్వు, పర్లేదు. శనివారం తెల్లవారుజామున మొదటి బస్సెక్కి మీ చర్చి గేటు దగ్గరికి నేనే తెస్తాను. వ్యానులో ఒక సీటు ఖాళీగా ఉంచు. మోకాళ్ల నొప్పి సంగతి నేను చూసుకుంటాను, మీ అమ్మకి మాత్రం చెప్పకు.

మీ మామయ్య