అమ్మానాన్నలతో ఇటాలియన్ రెస్టారెంట్‌కి

ప్రశ్న: బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు మొదటి జీతం వచ్చిందని మమ్మల్నందరినీ తన వీధిలోని ఇటాలియన్ రెస్టారెంట్‌కి తీసుకెళ్తానంటున్నాడు. బార్ కూడా అక్కడే, ఒకటే సందడి. అమ్మానాన్నలు గుడ్డు కూడా ముట్టరు. ఏం తినాలో తెలీక టెన్షన్‌గా ఉంది మేడమ్.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పకుండా వెళ్ళండమ్మా, వాడి సంతోషం కాదనకండి. బార్ ఉందని బెంగ వద్దు, ఏడింటికల్లా వెళ్ళి కౌంటర్‌కి దూరంగా టేబుల్ అడిగితే రద్దీ పెరిగేలోపు ప్రశాంతంగా తినొచ్చు.

అసలు జాగ్రత్త చీజ్ దగ్గరే. అసలైన ఇటలీ పార్మేజాన్ చేసేటప్పుడు పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెనెట్ వాడతారు, అందుకే మెనూలో శాకాహారం అని రాసున్నా ఏ చీజ్ వేస్తున్నారో అడగాల్సిందే, అడగడానికి మొహమాటపడకండి. అక్కడే చేసే తాజా పాస్తాలో తరచూ గుడ్డు కలుపుతారు. పెన్నే, స్పఘెట్టీ లాంటి ఎండు పాస్తా అయితే మామూలుగా గోధుమ రవ్వా నీళ్ళే.

నన్నడిగితే పెన్నే అరబ్యాటా చెప్పండి. టమోటా, వెల్లుల్లి, ఎండుమిర్చి, మన చిత్తూరు నోటికి సరిగ్గా పడుతుంది, పైన చీజ్ వద్దనండి. పాస్తా కాస్త పలుకుగా ఉంటుంది, అది ఉడకలేదని కాదు, వాళ్ళ పద్ధతే అదని నాన్నగారికి ముందే చెప్పండి.

తీపిలో తిరమిసు వద్దు, గుడ్డుంటుంది, కొన్నిచోట్ల రమ్ కూడా పోస్తారు. పన్నకోటలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది, కాబట్టి అదీ వద్దు. నిమ్మకాయ సార్బే, అంటే పాలు లేని ఐస్‌క్రీమ్ లాంటిది, ఉంటే అదే తెప్పించండి, దానిలోనూ గుడ్డు తెల్లసొన వేయలేదని ఒక మాట అడిగి.