పుట్టని కుక్కపిల్లల మీద అప్పు

ప్రశ్న: విజయనగరంలో ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. నెలకు 32,000 వస్తుంది, ఇంటి ఖర్చు 26,000. నిరుడు సిరిమానోత్సవం వారంలో 25,000 పెట్టి ఆడ మాల్టీజ్ కుక్కపిల్లను కొన్నాం. ఎనిమిది నెలలు నిండినా ఎదగలేదు. తిన్నాక మత్తుగా గోడకు తల ఆనించి నిలబడుతోంది. పుట్టుకతో వచ్చిన కాలేయ లోపం కావచ్చని, కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష, బైల్ యాసిడ్ పరీక్ష, చేయించమని డాక్టరు అన్నారు. పరీక్షకు, స్కానింగుకు, జతగా ఒక మగపిల్లకు కలిపి యాప్‌లో 40,000 తీసుకోవాలనుకుంటున్నాను. వాటికి పుట్టే పిల్లలను అమ్మితే అప్పు తీరిపోతుంది కదా?

జవాబు: తీరదండీ. ఆ కుక్కకు ఈత పెట్టించవచ్చో లేదో తేల్చే పరీక్షకే, దాని పిల్లలను అమ్మి తీరుస్తానని అప్పు చేస్తున్నారు! పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలో శుద్ధి కాకుండా పక్కదారి పట్టే లోపం మాల్టీజ్, యార్క్‌షైర్ టెరియర్ వంటి చిన్న జాతుల్లో వంశపారంపర్యంగా వస్తుంది. అదే తేలితే దానికి ఈత పెట్టించకూడదు. మగపిల్ల మాట ఇక్కడితో వదిలేయండి.

మీరు పంపిన యాప్ లెక్క చూశాను. ఫీజు పోగా చేతికొచ్చేది 37,600. నెలకు 11,000 చొప్పున నాలుగు వాయిదాల్లో కట్టేది 44,000. అసలు నెలనెలా తీరుతూ వస్తుంది కాబట్టి, మిగిలిన అసలు మీద లెక్కేస్తే నూటికి నెలకు ఆరున్నర రూపాయలకు పైగా వడ్డీ. వీధి వడ్డీ వ్యాపారి ఇంత అడిగితే గుమ్మం ఎక్కనిస్తారా? పైగా మీకు నెలకు మిగిలేది 6,000.

ఉత్తరంలో నేను వెతికింది అత్యవసర నిధి. ఎక్కడా కనిపించలేదు. కుక్కను కొనడానికి 25,000 దొరికాయి, దానికి జబ్బు చేస్తే పెట్టడానికి రూపాయి లేదు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇదే కథ. కుక్క బదులు బైకో, ఫోనో ఉంటుంది. రేపు మీరే మంచాన పడి షాపు నెల రోజులు మూతపడితే? ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,56,000, పోగయ్యేదాకా కొత్త కొనుగోళ్లు వద్దు. కుక్క వైద్యానికి వేరే ఖాతా తెరిచి, నెలకు వెయ్యి అయినా వేయండి.

పరీక్షను మాత్రం వాయిదా వేయకండి. పన్నెండు గంటలు పస్తు ఉంచి ఒకసారి, తిండి పెట్టిన రెండు గంటలకు మరోసారి రక్తం తీస్తారు. దానికి ఈ నెల మిగులు వాడండి. స్కానింగు కావాలో లేదో ఫలితాన్ని బట్టి డాక్టరు చెబుతారు. గరివిడి పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడా అడగండి. లోపం ఉంటే ప్రత్యేక ఆహారం, మందులు, కొన్నిటికి శస్త్రచికిత్స. అప్పుడు డబ్బు చాలకపోతే బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టండి, అదీ వైద్యానికే. పెంపుడు జంతువుల బీమా ఇప్పుడు తీసుకున్నా, ముందే బయటపడ్డ జబ్బుకు సాధారణంగా పైసా రాదు.

ఫలితం వచ్చాక మళ్లీ రాయండి. ఆ యాప్‌ను ఈ రాత్రికే ఫోనులోంచి తీసేయండి.