రీసైక్లింగ్ కంపెనీ కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మా అబ్బాయి కెమికల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది. ప్లేస్‌మెంట్లకు కూర్చోడట, ప్లాస్టిక్ రీసైక్లింగ్ కంపెనీ పెడతాడట. పెట్టుబడికి పొలం అమ్మమంటున్నాడు. ఈ రంగంలో బతుకు ఎలా ఉంటుంది? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పొలం ఇప్పుడే అమ్మకండి. అలాగని అబ్బాయి ఆలోచనను కొట్టిపారేయకండి, అది మంచి ఆలోచనే. హైదరాబాద్‌లోని ప్లాస్టిక్ రీసైక్లింగ్ కంపెనీ బాన్యన్ నేషన్ 2013లో మొదలైంది. దాన్ని స్థాపించిన వారిలో ఒకరైన మణి వాజిపేయి అమెరికాలో క్వాల్‌కామ్‌లో ఇంజినీరుగా చేసి వచ్చినవారు. పాత కార్ల బంపర్ల ప్లాస్టిక్ మళ్లీ కొత్త బంపర్లలోకి వెళ్లేలా టాటా మోటార్స్‌తో కలిసి పనిచేశారు.

చాలామంది పిల్లలు మెషిన్ కొంటే వ్యాపారం మొదలైనట్టే అనుకుంటారు. అసలు కష్టం ముడిసరుకు దగ్గర ఉంటుంది. రోజూ ఒకే నాణ్యతతో సరుకు రావాలి. పెట్ (నీళ్ల బాటిళ్ల ప్లాస్టిక్) బాటిళ్లలో కాస్త పీవీసీ (పైపుల ప్లాస్టిక్) కలిసినా, కరిగించేటప్పుడు అందులోంచి యాసిడ్ పుట్టి సరుకంతా పసుపు రంగుకు తిరుగుతుంది. అందుకే ఓనర్ కూడా షెడ్డులో నిలబడి ఏరివేత చూడాల్సిందే. దుమ్ము, వాసన, వేడి తప్పవు. స్క్రాప్ కొట్టువాళ్లకు డబ్బు అక్కడికక్కడే ఇవ్వాలి. కొనే కంపెనీలు మాత్రం రెండు మూడు నెలలు ఆగి చెల్లిస్తాయి. దీనికితోడు కొత్త ప్లాస్టిక్‌కు మూలమైన క్రూడాయిల్ ధర పడితే కొత్త ప్లాస్టిక్కే చవకవుతుంది, మన గ్రాన్యూల్స్ (రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ గుళికలు) అడిగేవాళ్లు తగ్గుతారు. నాకు ఎక్కువ భయం ఇక్కడే. లాభం కాగితం మీద ఉండగానే చేతిలో డబ్బు అయిపోతుంది.

గిరాకీ పెరిగే వీలు మాత్రం గట్టిగా ఉంది. బాటిళ్లు, డబ్బాల లాంటి గట్టి ప్యాకింగ్‌లో 2025-26కి 30 శాతం, 2028-29కి 60 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాడాలని కేంద్రం నిబంధనల్లో లక్ష్యం పెట్టింది.

కాబట్టి అబ్బాయిని డిగ్రీ పూర్తి చేయనివ్వండి. ఈ వేసవి సెలవుల్లో మీ ఊళ్లోనే ఒక స్క్రాప్ కొట్టులో కూర్చోమనండి. ఏ ప్లాస్టిక్ ఏదో చేత్తో పట్టుకుని చెప్పగలగాలి. చదువయ్యాక రెండేళ్లు ఏదైనా రీసైక్లింగ్ ప్లాంట్‌లో ఉద్యోగం చేయాలి, జీతం తక్కువైనా సరే. ప్లాస్టిక్ టెస్టింగ్, ప్రాసెసింగ్ నేర్చుకోవడానికి హైదరాబాద్, విజయవాడల్లో కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్ ఉంది. తర్వాత తన సరుకును వేరేవాళ్ల యూనిట్‌లో జాబ్‌వర్క్ మీద, అంటే కూలి ఇచ్చి ఆడించి, అమ్మి చూడాలి. సరుకిచ్చే కొట్లు, రాతపూర్వకంగా ఆర్డరిచ్చే ఒక కంపెనీ దొరికాక సొంత యూనిట్ సంగతి. దానికి పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతులు ముందే తీసుకోవాలి. అప్పు కోసం అప్పుడు బ్యాంకుకు వెళ్లండి, ఆ ఆర్డర్ కాగితాలు పట్టుకుని.