మైక్ సంగతి తర్వాత, ముందు ఊ కొట్టడం మానండి

గాజువాక నుంచి ఒకరు అడిగారు: "ఉద్యోగం చేసుకుంటూనే ఆడియో డాక్యుమెంటరీలు, రేడియో కథలు చేయడం నేర్చుకోవాలని ఉంది. ఏ మైక్ కొనాలి? మంచి కోర్సు ఏదైనా ఉందా?"

నేను విశాఖ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. సెలవు రోజుల్లో ఈ పిచ్చి. ఏడేళ్ళలో పదకొండు పూర్తిచేశాను, అందులో నాలుగు మాత్రమే మళ్ళీ వినగలను. కాబట్టి నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోండి. మైక్‌తో మాత్రం మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి ఆరు నెలలు అన్‌బాక్సింగ్ వీడియోలు చూస్తూ గడిపేశాను. కోర్సు కోసం వేరే ఊరు వెళ్ళి ఒక వర్క్‌షాప్‌లో రెండు రోజులు కూర్చున్నాను. రెండు రోజులూ 'కంటెంట్', 'ఎంగేజ్‌మెంట్' అన్నారు తప్ప ఒక్క గొంతు వినిపించలేదు. మధ్యాహ్నం బిర్యానీ బాగుంది.

నాకు పని నేర్పింది పెదవాల్తేరులో ఉండే ఒక మాస్టారు. రేడియోలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన డాక్యుమెంటరీ అనరు, రూపకం అంటారు. ఇదేదో పాడ్‌కాస్టులతో వచ్చిన కొత్త వింత అనుకుంటాం గానీ, 1964లోనే మన ఆకాశవాణి ప్రసారకుడు మెల్విల్ డి మెల్లో గిర్ సింహాల మీద చేసిన రూపకానికి ప్రి ఇటాలియా అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. మాస్టారి దగ్గరికి వెళ్ళే ముందు నేను ఒక రికార్డింగ్ చేసుకుని వెళ్ళాను, మెచ్చుకుంటారని. ఆ సంగతే చెప్తాను. మీ ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు చాలావరకు అందులోనే ఉంది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం, 61 రోజులు. అది ముగిసి పది పన్నెండు రోజులయ్యాక, పెద్ద బోట్లు సరుకుతో తిరిగొచ్చే వేళకి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. తెల్లవారుజామున నాలుగున్నర. చేపల వేలం పాటలు ఇంకా మొదలవలేదు. ఐసు ఆడించే మిషన్ ఒకటి గరగరమంటోంది. ఖాళీ గంప బోర్లించుకుని దాని మీద కూర్చుని ఒకావిడ కనిపించింది, యాభై దాటి ఉంటాయి. వాళ్ళాయన బోటు మీద వెళ్ళి పదకొండు రోజులైందట. మాటల్లో మాటగా అంది: "సీకట్లో బోటు కనిపించదు కదా బాబూ. ఇంజను సప్పుడింటే సెప్పెత్తాను, మాదో కాదో."

నేను "అబ్బో, అవునా!" అన్నాను.

ఆవిడ ఇంకేదో చెప్పబోయి ఆగింది. తల కొంచెం పక్కకి వాల్చింది. "అల్లదిగో" అంది. నాకేమీ వినిపించలేదు. తర్వాత ఐసు మిషన్ అవతల నుంచి, చాలా దూరంగా, డుబుడుబుమని ఒక ఇంజను. ఔటర్ హార్బర్ గోడ ఇంకా దాటలేదు. ఆవిడ మాట్లాడటం లేదు. మూడు సెకన్లు గడిచాయో లేదో నాకు టెన్షన్ పట్టుకుంది. ఇంటర్వ్యూలో మౌనమంటే నా తప్పే అన్నట్టు ఉంటుంది కదా. రాసుకెళ్ళిన కాగితం చూసి తర్వాతి ప్రశ్న అడిగేశాను: "మీకు ఎంతమంది పిల్లలమ్మా?"

ఆవిడ నావైపు తిరిగి మర్యాదగా చెప్పింది, ఇద్దరని.

మాస్టారు నలభై నిమిషాల రికార్డింగూ కళ్ళు మూసుకుని విన్నారు. మధ్యలో కాఫీ వచ్చినా కళ్ళు తెరవలేదు. అయ్యాక హెడ్‌ఫోన్స్ తీసి, "ఏమోయ్, ఆవిడ అల్లదిగో అంటే నువ్వు పిల్లల లెక్క అడిగావేం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత నన్ను కూర్చోబెట్టి ఇంకో పని చేయించారు. నేను ఎన్నిసార్లు ఊ కొట్టానో లెక్కపెట్టమన్నారు. నూట పద్నాలుగు. ప్రతి ఊఁ కూడా ఆవిడ మాట తోక మీదే పడింది. విడదీద్దామంటే గొంతులు రెండూ కలిసిపోయి ఉన్నాయి. కత్తిరిస్తే ఆవిడ మాట కూడా తెగుతుంది.

ఇది మన తెలుగువాళ్ళకి ఉగ్గుపాలతో పెట్టిన అలవాటని నా గట్టి నమ్మకం. అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టకపోతే కథ ఆగిపోయేది, "పడుకున్నావేంట్రా?" అని. ఫోన్లో రెండు క్షణాలు ఊరుకుంటే "హలో, ఉన్నారా?" అంటాం. ఇంట్లో అది మర్యాద. మైక్ ముందు మాత్రం విషం. మాస్టారు చెప్పిన చిట్కా: నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళతో, తలతో ఊ కొట్టు. నవ్వొచ్చినా నోరు మూసుకునే నవ్వు. ఆవిడ ఆగిపోతే మనసులో అయిదు లెక్కపెట్టు. అయిదు లోపల చాలామంది అసలు సంగతి వాళ్ళే చెప్పేస్తారు. ఇది రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ మా ఆవిడతో మాట్లాడేటప్పుడు కూడా తలే ఊపుతున్నానని తిట్లు తింటున్నాను.

ఆ రికార్డింగ్‌లో రెండో దరిద్రం ఐసు మిషన్. అది ఆగుతూ మొదలవుతూ ఉంది. ఎడిట్‌లో ఒక వాక్యం ఇక్కడిది, ఇంకోటి అక్కడిది అతికించేసరికి మాట మధ్యలో గరగర ఊడిపడటం, మాయమవటం. దీనికి మందు ఏ చోట రికార్డు చేసినా చివర్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి ఉత్త చప్పుడు పట్టుకోవడం. తర్వాత అతుకుల కింద దాన్ని పరవచ్చు. నేను చేయలేదు. అనవసరపు చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ అనే మీట ఉంది కదా అని నొక్కితే ఆవిడ గొంతు నీళ్ళలో ముంచి మాట్లాడించినట్టు తయారైంది.

మళ్ళీ వారం వెళ్ళి "ఇంజను సంగతి ఇంకోసారి చెప్పమ్మా" అని బతిమాలాను. "మొన్న సెప్పాను కదా బాబూ, మళ్ళీ ఏటి సెప్పమంటావు?" అంది. చెప్పింది. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు ఉంది.

సరే, మైక్. ఫోన్ చాలు, రెండు మూడు కథలు అయ్యేదాకా. కొనాలనే ఉంటే చేతిలో పట్టే చిన్న రికార్డర్, జూమ్ హెచ్1 లాంటిది. డబ్ల్యూఏవీ ఫైలుగా పెట్టుకోండి, చప్పుడుని కుదించేసే ఎంపీ3 వద్దు. గొంతు పెద్దదైనప్పుడు, చప్పుడు ఎంత గట్టిగా పడుతోందో చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండాలి. ఎరుపు ముట్టుకుందంటే అది పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కొంచెం కిందగా పక్కగా పట్టుకోండి, లేకపోతే ప, ఫ, భ వచ్చినప్పుడల్లా బుస్సుమంటుంది. హెడ్‌ఫోన్స్ లేకుండా రికార్డు చేయడం కళ్ళు మూసుకుని ఫొటో తీయడమే. మనకి బీచ్ గాలి ఒకటి. మైక్‌తో వచ్చే స్పాంజి తొడుగు దానికి ఆగదు, బొచ్చు తొడుగు కావాలి. నేను మా అమ్మాయి పాత టెడ్డీబేర్ వీపు కోసి దర్జీ చేత కుట్టించాను. అమ్మాయి ఇంకా క్షమించలేదు గానీ ఆర్కే బీచ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. ఎడిటింగ్‌కి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు.

ఎడిటింగ్ అంటే మాస్టారు చెప్పే మాట ఒకటి గుర్తుంది. వాళ్ళ రోజుల్లో టేపు సెకనుకి ఏడున్నర అంగుళాలు పరిగెత్తేది. బ్లేడుతో ఏటవాలుగా కోసి అంటించేవారు, అతుకు టప్పుమనకుండా. ఒక్క నిట్టూర్పు తీసేస్తే జానెడు టేపు చేతికొచ్చేదట. అందుకని ఊపిరి కోసే ముందు ఆలోచించేవారు. ఇప్పుడు మనం మౌస్‌తో తెగ కోసేస్తాం, మనిషి ఊపిరి సగంలో తెగి వినేవాడికి ఉక్కిరిబిక్కిరి. కోస్తే మొత్తం ఊపిరి తీయండి, లేదా మొత్తం ఉంచండి. కోసే ముందు రికార్డు చేసిందంతా మీ చేత్తో మీరే మాటకి మాట రాసుకోండి. గంట టేపుకి నాకు అయిదారు గంటలు పడుతుంది. విసుగే, కానీ కథ ఎక్కడుందో నాకు తెలిసేది అప్పుడే.

నరేషన్ రాయడంలో తెలుగుకి ఒక చిక్కుంది. "గత ముప్పై ఏళ్ళుగా హార్బర్‌లో చేపలు అమ్ముతూ ఇద్దరు పిల్లలను చదివించిన, ఇంజను శబ్దంతోనే బోటును గుర్తుపట్టగలిగినటువంటి మహిళ" అని రాస్తే, ఎవరి గురించో తెలియడానికి చివరిదాకా ఆగాలి. పేపర్లో అయితే కన్ను వెనక్కి వెళ్తుంది. చెవి వెళ్ళలేదు. "ఒకావిడ ఉంది. హార్బర్‌లో చేపలు అమ్ముతుంది." అంతే రాయండి. 'అయినటువంటి', 'చేసినటువంటి' కనిపిస్తే కొట్టేయండి. ఆవిడ చెప్పబోయేది మీరు ముందే చెప్పేయకండి కూడా.

ఇక్కడ నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి. హార్బర్ ఆవిడ మీద చేసిన రూపకం ఒక ఆడియో యాప్ వాళ్ళకి పంపాను. బాగుందన్నారు. కానీ ఆవిడ యాస 'అందరికీ అర్థం కాదు' కాబట్టి ఆవిడ మాటల్ని వాయిస్ ఆర్టిస్టుతో 'నీట్ తెలుగు'లో చెప్పిస్తామన్నారు. కింద ఫ్లూట్ కూడా వేస్తామన్నారు. బీదవాళ్ళు మాట్లాడితే ఫ్లూట్ ఎందుకు మోగాలో నాకు ఈ జన్మకి అర్థం కాదు. మన ఉత్తరాంధ్ర మాట సినిమాలో కామెడీకి పనికొస్తుంది, అక్కడ అందరికీ అర్థమవుతుంది! వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు మన శ్రీకాకుళం వైపు మనిషే. ఆగస్టు 29న ఆయనకి దండలు వేసి, 30న మైక్ ముందు మళ్ళీ 'నీట్ తెలుగు'.

1958లో బీబీసీలో చార్లెస్ పార్కర్, పాటగాడు ఇవాన్ మెక్కోల్ కలిసి, అదుపుతప్పిన గూడ్సు బండిని ఆపబోయి చనిపోయిన ఒక రైలు డ్రైవర్ మీద రూపకం చేశారు. అప్పటి వాడుక ప్రకారం జనాన్ని కలిసి, స్క్రిప్టు రాసి, నటుల చేత చదివించాలి. వీళ్ళు తోటి రైల్వే కార్మికుల గొంతులు విని, ఏ నటుడూ ఇలా చెప్పలేడని ఆ టేపులనే వాడేశారు. అంత పాత సంగతిది. యాప్ వాళ్ళకి ఇదంతా ఈమెయిల్ రాశాను. జవాబు లేదు.

చివరికి ఆ తొమ్మిది నిమిషాల రూపకాన్ని నేనే ఆన్‌లైన్‌లో పెట్టుకున్నాను. అసలు ఇంజను చప్పుడు పిల్లల గురించి నేనడిగిన ప్రశ్న కింద నలిగిపోయింది కదా, ఇంకో రోజు పట్టుకున్న వేరే బోటు చప్పుడు ఆ చోట వేశాను. డుబుడుబు అంటే డుబుడుబే, ఎవరికి తెలుస్తుందిలే అని.

హార్బర్‌కి వెళ్ళి ఆవిడకి వినిపించాను. ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చెవి అరచేత్తో మూసుకుని వింది. తన గొంతు వచ్చినప్పుడు సిగ్గుపడి నవ్వింది. "అల్లదిగో" దాటాక తల పక్కకి వాల్చింది, ఆ రోజులాగే. ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"ఇది మా ఇంజను కాదు బాబూ. మాది లచ్చివారం వొస్తాది. అప్పుడు రా."