డబ్బా మీద ‘కార్బన్ న్యూట్రల్’ అని రాసుకుంటే కేసు వేయొచ్చా?

ప్రశ్న: మొన్న ఏసీ కొన్నాను. డబ్బా మీద ఆకు బొమ్మ, ‘కార్బన్ న్యూట్రల్’, ‘2040కల్లా నెట్ జీరో’ అని ఉంటే రెండు వేలు ఎక్కువైనా అదే తీసుకున్నాను. ఆధారాలు అడిగితే ప్రైవేటు సంస్థ సర్టిఫికెట్ ఉందంటున్నారు తప్ప ఇంకేం చెప్పట్లేదు. కేసు నిలుస్తుందా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నిలుస్తుంది. కాకపోతే 2040 నాటి ‘నెట్ జీరో’ (కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకి తెస్తామనే) హామీని పట్టుకుని వెళ్తే కాదు, గడువే రాలేదు కదా అంటారు. ‘కార్బన్ న్యూట్రల్’ అన్న మాటను పట్టుకోండి, అంటే వెలువడిన కర్బనానికి సరిపడా మరోచోట తగ్గించేశామని ఇప్పుడే చెప్పుకోవడం.

2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) ఇచ్చిన గ్రీన్‌వాషింగ్ (పర్యావరణానికి మేలు చేస్తున్నట్టు తప్పుగా చెప్పుకోవడం) మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మాట వాడితే ఆధారం ప్రకటనలోనో, క్యూఆర్ కోడ్ ద్వారానో జనానికి అందాలి. మీ డబ్బా మీద కోడ్ ఉంటే స్కాన్ చేయండి, లెక్కలేవీ లేకుండా కంపెనీ హోమ్ పేజీకి తీసుకెళ్తే తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 2040 హామీకి కూడా, దాన్ని ఎలా సాధిస్తారో స్పష్టమైన ప్రణాళిక ఉండాలి, అది కూడా రాతపూర్వకంగా అడగండి. ఇదే హామీ ఏ వస్తువుతోనూ సంబంధం లేకుండా వార్షిక నివేదికలో మాత్రమే ఉండి ఉంటే ఈ రూల్స్ వర్తించేవి కావు.

సర్టిఫికెట్ అనగానే టెన్షన్ పడకండి, అది ఈ ఏసీకి ఇచ్చిందా, కంపెనీ మొత్తానికి ఇచ్చిందా చూడండి. ప్రైవేటు సంస్థల చేతిలో ఉన్న బెత్తం చిన్నది. కంపెనీల ఉద్గార తగ్గింపు లక్ష్యాలను పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ 2024 మార్చిలో, గడువులోగా లక్ష్యాలు సమర్పించని రెండు వందలకు పైగా కంపెనీల హామీలకు ‘తొలగించాం’ అని రాసింది, అంతకుమించి జరిమానా వేసే అధికారం దానికి లేదు. మన ఆస్కీ (ప్రకటనల రంగం తనకు తాను పెట్టుకున్న నియంత్రణ మండలి) కూడా ప్రకటన ఆపమనో, మార్చమనో చెప్పగలదు గానీ మీకు పైసా ఇప్పించలేదు.

సీసీపీఏ మొదటి తప్పుకి 10 లక్షల దాకా జరిమానా వేయగలదు, అదీ మీ జేబులోకి రాదు. మీ డబ్బు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషనే దిక్కు. రెండేళ్లలోగా వేయాలి, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తర్వాత కంపెనీకి నోటీసు పంపండి. అదనంగా కట్టిన రెండు వేలు, ఖర్చులు అడగండి, లక్షల్లో పరిహారం మాత్రం ఆశించొద్దు. బిల్లుతో పాటు ఆ డబ్బా కూడా జాగ్రత్త, పాత సామాన్ల వాడికి వేసేయకండి.