అద్దాల షట్కోణం ఎందుకు మెరవలేదు?

ప్రశ్న: ఇరాన్ కళాకారిణి మొనీర్ ఫర్మాన్‌ఫర్మాయాన్ అద్దాల పలకలను ఫొటోల్లో చూసి, ప్లైవుడ్ మీద ఒక షట్కోణం చేశాను. ఆ మెరుపు రాలేదు. పైగా రెండు నెలలకే నల్లమచ్చలు తేలాయి. లోపం ఎక్కడ?
– పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ముందు మచ్చల సంగతి. అద్దాలు అంటించడానికి మీరు వాడిన సిలికాన్ జిగురు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చిందేమో గుర్తుచేసుకోండి. ఆ రకం ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. అది అద్దం వెనక పెయింటును దాటి వెండి పూతను తినేస్తుంది. ట్యూబు మీద ‘న్యూట్రల్ క్యూర్’ అని ఉన్నదే కొనండి. మన కృష్ణా తీరపు ఉక్కకు మామూలు ప్లైవుడ్ వంగుతుంది కాబట్టి 12 మి.మీ. మెరైన్ ప్లై (తేమను తట్టుకునే ప్లైవుడ్) తీసుకుని, రెండు వైపులా, అంచులకూ ప్రైమర్ వేయండి.

ఇక మెరుపు. షిరాజ్‌లోని షా చెరాగ్ దర్గా లోపలి అద్దాల పని చూసి మొనీర్ ఈ దారి పట్టారు. ఆ సంప్రదాయంలో ముక్కలు రకరకాల కోణాల్లో కూర్చుంటాయి. అన్నీ ఒకే మట్టంలో ఉంటే అది బీరువా అద్దమే! అద్దం ఎంత వాలితే ప్రతిబింబం దానికి రెట్టింపు తిరుగుతుంది, అందుకే కొద్దిపాటి వాలు చాలు.

150 మి.మీ. భుజం ఉన్న షట్కోణానికి 75 మి.మీ. భుజంతో 24 త్రిభుజాల స్థలం ఉంటుంది. సందు కోసం ముక్కను 74 మి.మీ.కే కోయండి. అంటే 2 మి.మీ. అద్దాన్ని 64 మి.మీ. వెడల్పు పట్టీలుగా చీల్చాలి. ఒక అడుగు చదరపు అద్దంలో నాలుగు పట్టీలు, పట్టీకి ఏడు ముక్కలు వస్తాయి. కానీ కొన్ని విరుగుతాయి, రెండు అద్దాలు కొనడమే మేలు. కటర్‌ను కిరోసిన్‌లో తడిపి, అద్దం ముందువైపు ఒక్కసారే గీయండి. రెండోసారి గీస్తే పగులు పక్కకు పోతుంది. గీసిన వెంటనే విరవండి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అంచులను తడి వాటర్ పేపర్‌తో రుద్దండి.

నాలుగేసి ముక్కలు కలిసి ఒక పెద్ద త్రిభుజం అవుతాయి. అలాంటి ప్రతి నాలుగింటిలో మధ్యదాని ఒక అంచు కింద 3 మి.మీ. అట్ట పెట్టి అంటించండి. ఒక్కో దాని వాలు ఒక్కో దిక్కుకు తిప్పండి. 24 గంటలు కదపొద్దు.

ప్రశ్న: ఇరాన్ ఆధునిక కళ చూడాలంటే ఎవరితో మొదలుపెట్టాలి?
– పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పర్విజ్ తనావోలీతో. ‘శూన్యం’ అనే ఫారసీ మాట ‘హీచ్’ను అక్షరాలా శిల్పంగా నిలబెట్టారు, 1965 నుంచి. తర్వాత చార్లెస్ హుసేన్ జెందెరూదీ అక్షర చిత్రాలు చూడండి. కాషాన్‌కు చెందిన సోహ్రాబ్ సెపెహ్రీ గీసిన చెట్టు మొదళ్ల చిత్రాలనూ వదలకండి.