తాతగారి పాటల పుస్తకం ఎవరిది? అచ్చు వేయొచ్చా?

ప్రశ్న: మా తాతగారు నాటక సమాజంలో హార్మోనియం వాయించేవారు. 1938 నుంచి దాదాపు పదేళ్లపాటు ఒక లావుపాటి నోటుపుస్తకంలో క్షేత్రయ్య పదాలు, నాటక పద్యాలు, సినిమా పాటలు, నృత్యానికి వాయించే జతిస్వరాలు స్వరాలతో సహా రాసుకున్నారు. ఆయన సొంత పాటలూ ఉన్నాయి. 1971లో పోయారు, వీలునామా లేదు. అచ్చు వేద్దామంటే మా బాబాయి ‘పుస్తకం నా దగ్గరుంది, హక్కులన్నీ నావే’ అంటున్నారు. విదేశంలో ఉండే ఒకాయన ఆ పుస్తకం కొంటానని అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: పుస్తకం ఇంట్లో ఉన్నంత మాత్రాన పాటలపై హక్కు రాదు. కాగితాల కట్ట ఒక ఆస్తి, పాటపై కాపీరైట్ మరో ఆస్తి. తాతగారు చేత్తో రాసుకున్నా ఇతరుల పాటలు ఆయనవి కాలేదు, కాబట్టి మీ బాబాయిగారికీ రావు. ఇక ఆ పుస్తకం, ఆయన సొంత పాటలపై హక్కు అంటారా, మీ కుటుంబానికి 1956 హిందూ వారసత్వ చట్టం వర్తిస్తే కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వస్తాయి. మీ నానమ్మగారు, తాతగారి తల్లిగారు అప్పటికి ఉండి ఉంటే వాళ్లకూ వాటా ఉంటుంది. చాలా ఇళ్లలో మేనత్తలను అడగకుండానే సంతకాలు పెట్టేసుకుంటారు. అలా చేయకండి.

మిగతా పాటల సంగతి పాట పాటకూ విడిగా చూడాల్సిందే. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. క్షేత్రయ్య పదాలు కొన్ని వందల ఏళ్ల నాటివి కాబట్టి ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. ఇద్దరు కలిసి రాస్తే, చివర పోయినవారి మరణం నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల వారు 1950లో పోయారు కాబట్టి ఆ జంట పద్యాలపై హక్కు 2010తో ముగిసింది. సినిమా పాటల దగ్గరే జాగ్రత్త. సముద్రాల రాఘవాచార్యులు 1968లో పోయారు, కాబట్టి ఆయన సాహిత్యంపై హక్కు 2028 చివరిదాకా ఉంటుంది. ఆ హక్కు చాలాసార్లు నిర్మాత చేతిలోనో, మ్యూజిక్ కంపెనీ చేతిలోనో ఉంటుంది. పైగా సాహిత్యానికి ఒక లెక్క, బాణీకి మరో లెక్క. స్వరాలు రాసుకున్న కాగితం కూడా చట్టం దృష్టిలో సంగీత రచనలో భాగమే. అనుమతి రాకపోతే ఆ పాటలు వదిలేయండి.

నృత్యానికి రాసుకున్న స్వరాలు నాకు ఎక్కువ ఆసక్తి కలిగించాయి. వాడుకలో ఉన్న పాత జతిస్వరాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించుకుంటే తాతగారికి హక్కు రాదు. కేవలం శ్రమ చాలదు, కాస్తయినా సొంత సృజన ఉండాలని ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే జతిస్వరానికి ఆయన కొత్త ముక్తాయింపు కట్టి ఉంటే ఆ భాగం ఆయనదే. ఎలా తెలుస్తుంది? పేజీలు చూడండి. ఒక్క కొట్టివేత లేకుండా వరసగా రాసి ఉంటే అది ఎక్కడినుంచో ఎక్కించుకున్నది అయి ఉండొచ్చు. ‘ప ద ని’ కొట్టేసి పైన ఇంకో స్వరం వేసి, పక్కన తాళం లెక్క సరిచూసుకున్న పేజీ ఉంటే అక్కడ ఆయన సొంతంగా కట్టుకుంటున్నారని వాదించవచ్చు. కోర్టులో ఇలాంటి పేజీయే సాక్ష్యం. అందుకే అచ్చు మాట తర్వాత, ముందు ప్రతి పేజీ, ఖాళీ అంచులతో సహా, స్కాన్ చేయించండి.

కర్త ఎవరో తెలియని పాటలకు తాతగారి పేరు పెట్టొద్దు. వెతికినా ఆచూకీ దొరకకపోతే కాపీరైట్ చట్టం 31ఎ సెక్షన్ కింద లైసెన్స్ అడగొచ్చు. దానికి ముందు ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి.

విదేశీ బేరం మాత్రం ఇప్పుడే ఆపండి. సాహిత్య, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అలాంటిదాన్ని మామూలు వ్యక్తులు దేశం దాటించడం నేరం. కొంటానన్న వ్యక్తి కోరేది పరిశోధన కోసమైతే అవసరమైన పేజీల కాపీ చాలు.

చివరగా సొంత పాటల గడువు. తాతగారు ఉండగా అవి జనం ముందు పాడి ఉంటే చట్టం వాటిని ప్రచురితమైనట్టే లెక్కిస్తుంది. అప్పుడు హక్కు 2031 చివరిదాకా. ఎన్నడూ బయటికి రాకపోతే మీరు తొలిసారి ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఈ తేడా చిన్నది కాదు. ఆ సమాజం నాటకాల కరపత్రాలు ఎవరింట్లోనైనా ఉన్నాయేమో అడగండి, ఏ పాట వేదిక ఎక్కిందో తేల్చేది అవే.